మళ్లీ పిలిపిస్తానన్న అధిపతి

చదువవలసిన భాగం: అపొస్తలుల కార్యములు 24:22–27

కైసరయలో ఖైదీగా ఉన్న పౌలు విషయంలో రోమా అధిపతి ఫేలిక్సు కాదని ఎప్పుడూ చెప్పలేదు. అవుననీ చెప్పలేదు. విచారణ ముగిసిన రోజున, సహస్రాధిపతి లూసియ రావాలి, ఆయన వచ్చాక తేలుస్తానన్నాడు. లూసియ వచ్చాడో లేదో లూకా రాయలేదు. కొన్నాళ్లకు భార్య ద్రుసిల్లను వెంటబెట్టుకొచ్చి పౌలు మాటలు విన్నాడు. నీతి, ఆశానిగ్రహం దాటి రాబోయే విమర్శ సంగతి ఎత్తేసరికి భయం పుట్టి, ఇప్పటికి వెళ్లు, వీలు చూసుకుని పిలిపిస్తానన్నాడు. పిలిపించాడు కూడా, మాటిమాటికీ. ఖైదీ దగ్గర నాలుగు డబ్బులు రాలతాయేమోనన్న ఆశ ఆయనది. మన ఎమ్మార్వో ఆఫీసులో ఫైలు కదలనట్టే అక్కడా కదల్లేదు. రెండేళ్లు గడిచాయి. ఫేలిక్సు పోయి పోర్కియు ఫేస్తు వచ్చాడు. పౌలు మాత్రం బంధకాల్లోనే ఉన్నాడు.

నవంబరులో ఈ భాగం తెరిస్తే నాకు మా ఇంటి శుక్రవారం ప్రార్థనకు వచ్చే పిల్లలు కళ్ల ముందు మెదులుతారు. మేముండేది డాలస్ దగ్గర. రిచర్డ్‌సన్‌లో ఎంఎస్ చదివే పిల్లలు కార్లున్న సీనియర్లను బతిమాలుకుని వస్తారు. ప్రార్థన అయ్యాక పులిహోర ప్లేటు ఒక చేతిలో, ఫోను ఇంకో చేతిలో. మెయిలు మోగితే మాట మధ్యలో ఆగిపోతుంది. మెయిలు తెరవక్కర్లేదు, పైన కనిపించే ఒకటిన్నర లైను చాలు. థాంక్యూ ఫర్ అప్లయింగ్ అని మొదలై, వెంటనే అన్‌ఫార్చునేట్లీ అన్న మాట కనిపిస్తే సంగతి అయిపోయినట్టే. పులిహోర తినడం మళ్లీ మొదలవుతుంది.

తెనాలి నుంచి వచ్చిన ఒకమ్మాయి ఎక్సెల్ షీటులో లెక్క రాసుకుంటుంది. కంపెనీ పేరు, అప్లై చేసిన తేదీ, రెఫరల్ ఎవరిచ్చారు, పరీక్ష ఎప్పుడు రాసింది, చివరి గడిలో స్టేటస్. తిరస్కరించినవి ఎరుపు, ఇంకా తేలనివి పసుపు. కిందికి జరుపుకుంటూ పోతే ఎరుపు అక్కడక్కడా, మిగతాదంతా పసుపే. ప్రార్థన మనవులు చెప్పుకునేటప్పుడు ఆ అమ్మాయి అంది: "రిజెక్ట్ చేసినా పర్లేదు అంకుల్. ఏదో ఒకటి చెప్తే బాగుండు."

ఇక్కడి లెక్క మన ఊళ్లలో తల్లిదండ్రులకు సగం తెలియదు, కాబట్టి కాస్త చెప్పాలి. వచ్చే ఏడాది వేసవిలో మొదలయ్యే పది, పన్నెండు వారాల ఇంటర్న్‌షిప్‌కు పెద్ద టెక్ కంపెనీలు ఈ ఏడాది ఆగస్టు, సెప్టెంబరుల్లోనే దరఖాస్తులు తీసుకోవడం మొదలుపెడతాయి. న్యూయార్క్‌లోని పెద్ద బ్యాంకులైతే ఇంకా ముందు, ఏడాది పైచిలుకు ముందే. ఆగస్టులో విమానం దిగి సిమ్ కార్డు, బ్యాంకు ఖాతా, రూమ్మేట్ల కోసం తిరుగుతున్న పిల్లవాడికి ఇది తెలిసేసరికి కొన్ని నోటిఫికేషన్లు ముగిసే ఉంటాయి. ఎవరు ముందు పంపితే వాళ్లది ముందు చూస్తూ, చోట్లు నిండగానే మూసేసే పద్ధతి చాలా కంపెనీలది. అప్లికేషన్ పడ్డ కొద్దిరోజులకు హ్యాకర్‌ర్యాంక్ నుంచో కోడ్‌సిగ్నల్ నుంచో పరీక్ష లింకు వస్తుంది. ఆ లింకు చూసి ఇంట్లో సంబరపడతారు కానీ, చాలాచోట్ల అది యంత్రం తనంతట తాను పంపేదే, అప్పటికి మనిషెవరూ రెజ్యూమె చూసి ఉండరు. అక్టోబరు, నవంబరుల్లో కొందరికి ఇంటర్వ్యూలు జరుగుతాయి. నవంబరు నాలుగో గురువారం థాంక్స్‌గివింగ్ వస్తుంది, అక్కడి నుంచి కొత్త సంవత్సరం దాకా ఆఫీసులు సెలవుల మీదే నడుస్తాయి. జనవరిలో మళ్లీ కదలిక. చిన్న కంపెనీలు, యూనివర్సిటీ ల్యాబులు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకూ, ఒక్కోసారి మే నెలలో కూడా తీసుకుంటాయి.

ఎఫ్-1 విద్యార్థి వీసా మీద వచ్చిన పిల్లలకు దీని మీద ఇంకో ముడి. మామూలుగా ఒక విద్యా సంవత్సరం పూర్తయితే గానీ సీపీటీ, అంటే చదువులో భాగంగా బయట పనిచేసే అనుమతి, రాదు. ఆఫర్ లెటర్ చేతికి రావాలి, అది చూపిస్తే యూనివర్సిటీలోని అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసు ఐ-20 అనే పత్రం మీద సీపీటీ రాసివ్వాలి, ఆ తరువాతే మొదటిరోజు పని. కంపెనీ తీరిగ్గా మే చివర్లో అవునన్నా, కాగితం పని మిగిలే ఉంటుంది. హైదరాబాదులో మూడో ఏడాది బీటెక్ పిల్లలకూ ఎదురుచూపు తప్పదు కానీ, అక్కడ ప్లేస్‌మెంట్ ఆఫీసరని ఒక మనిషి ఉంటాడు. వెళ్లి తలుపు దగ్గర నిలబడి అడగొచ్చు. ఇక్కడ మెయిలు వచ్చిన చిరునామాయే నోరిప్లై, తిరిగి రాయడానికి వీల్లేనిది.

జవాబు ఎందుకు రాదు? లోపల పనిచేసేవాళ్లను అడిగితే చెబుతారు. ఒక ఉద్యోగానికి మొదటి వరుసలో ఎంచుకున్నవాళ్లకు ఆఫరిచ్చి, వాళ్లు ఒప్పుకునేదాకా రెండో వరుస వాళ్లను అలాగే పట్టి ఉంచుతారు. కాదని చెబితే అవసరమైనప్పుడు మళ్లీ దొరకరని భయం. ఒక్కోసారి ఆ టీముకు ఇంటర్న్‌ను తీసుకునే అనుమతే ఆగిపోతుంది, ప్రకటన మాత్రం సైటులో అలాగే వేలాడుతుంది. ఒక్కోసారి ఇంటర్వ్యూ చేసిన ఇంజినీరు ఫీడ్‌బ్యాక్ ఫారం నింపలేదు, అంతే. ఆయన నింపేదాకా రిక్రూటరు అడుగు ముందుకు వేయలేదు. లూసియ రావాలన్నమాట. చివరికి ఎప్పుడో ఆ పోస్టును సిస్టంలో మూసేసినప్పుడు మిగిలినవాళ్లందరికీ ఒకేసారి మెయిలు వెళుతుంది. వేసవి అయిపోయాక, ఇంకెక్కడో ఇంటర్న్‌షిప్ చేసి వచ్చిన పిల్లవాడికి కూడా మేము విచారిస్తున్నామని వస్తుంది.

ఇదంతా ధ్యానంలో ఎందుకు రాస్తున్నానంటే, మనవాళ్లకు ఒక అలవాటుంది. జవాబు రాకపోతే వెంటనే దానికి దేవుని పేరు తగిలిస్తాం. దేవుడు ఈ తలుపు మూశాడంటాం. నీలో ఏదో పాపం అడ్డుగా ఉంది, ఉపవాసముండి పరీక్షించుకోమంటాం. ఇంకా దేవుని సమయం రాలేదంటాం. ఇరవై రెండేళ్ల పిల్ల ఆ మాట పట్టుకుని రాత్రి రెండింటిదాకా పాత తప్పులన్నీ తవ్వుకుంటూ కూర్చుంటుంది. అక్కడేమో ఒక ఇంజినీరు ఫారం నింపడం మరిచి సెలవు మీద ఫ్లోరిడా వెళ్లాడు.

లూకా ఈ విషయంలో మనకంటే జాగ్రత్తపరుడు. పౌలు రెండేళ్లు కైసరయలో మగ్గడానికి కారణం ఆయన దాచలేదు. మొదట లంచం మీద ఆశ, చివర్లో యూదులను మంచి చేసుకోవాలన్న కోరిక, రెండూ ఫేలిక్సు ఖాతాలోనే వేశాడు. దేవుడు తన దాసునికి ఓర్పు నేర్పడానికి ఆలస్యం చేశాడని ఒక్క ముక్క కూడా లేదు. మనుషుల నిర్లక్ష్యానికి, స్వార్థానికి ప్రభువు చిత్తమని ముసుగు వేయడం భక్తిలా కనిపిస్తుంది కానీ, ఫేలిక్సుకు తప్ప ఎవరికీ మేలు చేయదు.

మరి ప్రభువు ఆ రెండేళ్లూ ఏం చేస్తున్నట్టు? దీనికి బోధకులు రకరకాలుగా చెబుతారు. లూకా ఆ సమయంలోనే సువార్తకు కావలసిన సంగతులు పోగుచేసుకున్నాడని కొందరు, పౌలు పత్రికలు రాశాడని కొందరు. కావచ్చు. గ్రంథంలో మాత్రం ఆ రెండేళ్లకు ఒకటి రెండు వచనాలే ఉన్నాయి, ప్రభువు ఏం చేశాడో వాటిలో లేదు. అంతకుముందు, 23వ అధ్యాయం 11వ వచనంలో, యెరూషలేము కోటలో ఉండగా ఒక రాత్రి ప్రభువు పౌలు పక్కన నిలబడి, రోమాలో కూడా నువ్వు సాక్ష్యమివ్వాలని చెప్పాడు. తారీఖు చెప్పలేదు. దారిలో ఫేలిక్సు ఉంటాడనీ చెప్పలేదు. కైసరయలో మళ్లీ దర్శనం వచ్చినట్టు కూడా రాయబడలేదు. పాత మాట మీదే పౌలు రోజులు వెళ్లదీశాడు.

ఇక్కడ మనం పిల్లలతో నిజాయితీగా ఉండాలి. రోమా విషయంలో పౌలుకు వాగ్దానం ఉంది. ఫలానా కంపెనీలో వేసవి ఇంటర్న్‌షిప్ విషయంలో మనకు అలాంటి వాగ్దానం లేదు. ఏ వచనమూ దాన్ని ఇవ్వదు. యిర్మీయా 29:11 ను ఫోను వాల్‌పేపరుగా పెట్టుకున్న పిల్లలు చాలామంది. చాలా మంచి వచనం. దానికి ముందున్న పదో వచనంలో డెబ్బై సంవత్సరాలున్నాయని మాత్రం వాల్‌పేపరు చెప్పదు. బబులోనుకు చెరపట్టుకుపోబడినవాళ్లకు రాసిన ఉత్తరం అది. అదే ఉత్తరం అయిదో వచనంలో ఇళ్లు కట్టుకోమని, తోటలు నాటి వాటి పంట తినమని ఉంది. తేలేదాకా ఊపిరి బిగబట్టుకుని కూర్చోమని లేదు. నవంబరులో ఎంఎస్ పిల్లకు దాని అర్థం ఏమిటో పెద్ద వ్యాఖ్యానం అక్కర్లేదు. పరీక్షలకు చదవాలి. వేళకు అన్నం వండుకోవాలి. ప్రొఫెసరు ల్యాబులో పనుందేమో అడగాలి. ఇంటర్వ్యూ అయి వారం, పది రోజులైతే రిక్రూటరుకు మర్యాదగా ఒక మెయిలు రాయాలి. అలా అడగడం అవిశ్వాసమేమీ కాదు. ఫేలిక్సు పిలిచిన ప్రతిసారీ పౌలు వెళ్లి మాట్లాడాడు కదా.

ఇంకొకటి. కంపెనీని పదేపదే అడిగితే విసుక్కుంటారు. ప్రభువు దగ్గర ఆ ఇబ్బంది లేదు. 13వ కీర్తనలో దావీదు ఎంతకాలమని ఊపిరి సలపకుండా అడిగాడు, ఎవరూ ఆయన్ని తప్పుపట్టలేదు. కనాను స్త్రీ కూతురి కోసం కేకలు వేస్తే ప్రభువు కూడా మొదట మాట్లాడలేదు. మత్తయి 15వ అధ్యాయంలో ఆ సంగతి దాచకుండా రాయబడింది. శిష్యులు ఆమెను పంపించెయ్యమన్నారు. ఆయన పంపించెయ్యలేదు. ఎదుటే ఉన్నాడు, ఆమె దగ్గరికొచ్చి మొక్కి మళ్లీ అడిగింది, వాదించింది. ఆ మౌనానికీ నోరిప్లై మౌనానికీ పోలికే లేదు. అర్ధరాత్రి మెయిలుపెట్టె తెరిచే ముందు ప్రభువుతో కోపంగానైనా సరే మాట్లాడు, అని ఆ అమ్మాయితో అన్నాను. "కోపంగా ప్రార్థన చేయొచ్చా అంకుల్?" అంది. కీర్తనల గ్రంథంలో కోపాలు తీసేస్తే ఎంత మిగులుతుందమ్మా అన్నాను.

ఇప్పుడు పెద్దవాళ్ల సంగతి. మనం చదివిన 24వ అధ్యాయంలో 23వ వచనం చాలామంది దాటేస్తారు. పౌలును కావలిలో ఉంచినా కొంత వెసులుబాటు ఇవ్వమని, ఆయనవాళ్లు ఎవరైనా వచ్చి ఉపచారం చేస్తే అడ్డుపెట్టవద్దని ఫేలిక్సు శతాధిపతికి ఆజ్ఞాపించాడు. ఆ ఒక్క మంచిపని ఆయన చేశాడు. అంటే ఆ రెండేళ్లూ ఎవరో ఒకరు వచ్చే ఉంటారు. కైసరయలో సువార్తికుడైన ఫిలిప్పు ఇల్లు ఉంది, పౌలు అంతకుముందు అక్కడ బస చేశాడని 21వ అధ్యాయం చెబుతుంది. ఎవరు వచ్చారో, ఏం తెచ్చారో రాయలేదు కానీ, భోజనం, బట్టలు, ఊళ్లో కబుర్లు తప్ప ఖైదీకి ఇంకేం తెస్తారు? తీర్పు ఎప్పుడొస్తుందని రోజూ అడగడానికి మాత్రం వచ్చి ఉండరు.

మనం అదే అడుగుతాం. తెనాలిలో రాత్రి తొమ్మిదికి అమ్మ ఫోను చేస్తే ఇక్కడ పొద్దున తొమ్మిదిన్నర. "ఏమన్నా వచ్చిందా తల్లీ?" ప్రేమే, కాదనను. లోను వాయిదా దిగులు కూడా ఆ ప్రశ్నలో ఉంటుంది, అదీ తెలుసు. కానీ వస్తే పిల్లే ముందు ఫోను చేస్తుంది కదా. ఏం తిన్నావని అడిగితే చాలు. సంఘంలోనూ ఇదే తీరు. ఆదివారం సాక్ష్యాల సమయంలో ఆఫర్ వచ్చినవాడు లేచి స్తోత్రం చెబుతాడు, అందరం చప్పట్లు కొడతాం. చివరి గడి పసుపు రంగులోనే ఉన్న పిల్లకు లేచి చెప్పడానికి మన ఆరాధనలో చోటెక్కడుంది? ఇంకా ఏమీ రాలేదు, అయినా ఈ వారం కూడా నేను ప్రార్థన మానలేదని ఒక పిల్ల లేచి చెబితే, దానికి కూడా స్తోత్రం అనడం మన సంఘాలు నేర్చుకోవాలి. నా మటుకు నాకు అది మరింత బరువైన సాక్ష్యం.

చివరిగా, ఈ ధ్యానం చదివేవాళ్లలో కంపెనీల లోపల కూర్చున్నవాళ్లు చాలామంది ఉన్నారు. ప్లానోలో, బే ఏరియాలో, న్యూజెర్సీలో, గచ్చిబౌలిలో. మన లింక్డ్‌ఇన్ తెరిస్తే అన్నా, ఒక రెఫరల్ ఇస్తారా అని ముక్కూముఖం తెలియని పిల్లలు పెట్టిన మెసేజ్‌లు వరసగా ఉంటాయి. చూసి వదిలేస్తాం. కుదిరితే చేద్దాంలే అనుకుంటాం. ఒకరిద్దరికి పంపండి చూస్తానని కూడా అంటాం, రెజ్యూమె వచ్చాక మరిచిపోతాం. చేయగలిగింది చేతిలో ఉండగా పొరుగువాణ్ని రేపు రమ్మని తిప్పి పంపకూడదన్నది సామెతలు 3:28 సారాంశం. రెఫరల్ ఇస్తే ఉద్యోగం వస్తుందని కాదు. అందరికీ ఇవ్వడం కుదరదు కూడా. కుదరదు బాబూ, మా టీములో ఈసారి తీసుకోవడం లేదు అని ఒక లైను రాయడం మాత్రం కుదురుతుంది. ఆ ఒక్క లైనుతో అక్కడ ఒక పసుపు గడి ఎరుపవుతుంది, పిల్లవాడు తరువాతి దాని పని చూసుకుంటాడు. ఇంటర్వ్యూ చేసినవాళ్లు ఫీడ్‌బ్యాక్ ఫారం ఆ సాయంత్రమే నింపితే రిక్రూటరు రేపే జవాబివ్వగలుగుతాడు. ఇది కూడా పరిచర్యే, ఎవరూ దీన్ని ఆ పేరుతో పిలవకపోయినా.

ఫేస్తు గొప్ప నీతిమంతుడేమీ కాదు, యూదుల మెప్పు కోసం ఆయనా తాపత్రయపడ్డాడు. అయినా 25వ అధ్యాయం చూడండి. అధికారం చేపట్టిన మూడు రోజులకు యెరూషలేము వెళ్లాడు, అక్కడ ఎనిమిది, పది రోజులకు మించి ఉండలేదు, కైసరయకు తిరిగొచ్చిన మర్నాడే న్యాయపీఠం మీద కూర్చుని పౌలును రప్పించాడు. రెండేళ్లు కదలని ఫైలు కొద్దిరోజుల్లో కదిలింది. చిక్కు కేసులో లేదన్నమాట. కూర్చోవలసినవాడు కూర్చోలేదు, అంతే.

ప్రార్థన

ప్రభువా, ఈ వేళ జవాబు కోసం కనిపెట్టుకుని ఉన్న మా పిల్లలను నీకప్పగిస్తున్నాము. రాని జవాబును నీ కోపమని వాళ్లు అనుకోకుండా చూడు. వచ్చే జవాబు కాదన్నదైతే అది త్వరగా రానివ్వు. రిచర్డ్‌సన్‌లో, సిన్సినాటిలో, హైదరాబాదు హాస్టళ్లలో ఒంటరిగా ఉన్నవాళ్ల దగ్గరికి అన్నం గిన్నెతో వెళ్లే మనుషులను పంపు. మా ఫోనుల్లో చూసీ చూడనట్టు వదిలేసిన మెసేజ్‌లు నీకు తెలుసు. వాటికి ఈ రోజే జవాబు రాసే మనసు మాకివ్వు. రిక్రూటర్లకు, మేనేజర్లకు, ఆ ఫారం ఇంకా నింపని ఇంజినీరుకు కూడా నీ దయ చూపించు. యేసు నామమున వేడుకొనుచున్నాము, ఆమేన్.